పన్నెండో సీసా

చింతామణి,
18 నవంబర్ 2024

చిరంజీవి శశికి,

అన్న ఆశీస్సులు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే రెండు పేజీలు రాస్తావు.

నా తమ్ముడు, మీ చిన్నన్న మునికృష్ణప్ప డెబ్బయ్యో ఏటి పండుగకు ఆహ్వానం నాకూ అందింది. మన పెద్దలు భీమరథ శాంతి అని ఇంట్లో కలశాలు పెట్టి చేసుకునేవారు. వీడికి ఓడ కావాలి. చెన్నైలో ఎక్కి, శ్రీలంక తీరం దాకా పోయి, నాలుగు రోజులకు తిరిగి రావడమట. కార్డు మీద నా పేరు అచ్చులో ఉంది. పక్కన ఒక్క అక్షరం చేతిరాత లేదు. పదమూడేళ్ళుగా నాతో మాటలేని మనిషి, మీ వదిన పోయిన రోజున కూడా వాకిట్లో చెప్పులు విప్పకుండా నిలబడి వెళ్ళిన మనిషి, ఇప్పుడు నన్ను సముద్రం మీదికి పిలుస్తున్నాడు.

నేను రాను. ముప్పై ఆరేళ్ళు గ్రంథాలయంలో పనిచేసి ఓడ ప్రయాణాల పుస్తకాలన్నీ చదివాను. వాటిలో సగం ఓడలు మునుగుతాయి. మిగతా సగంలో మనుషులు ఒకరినొకరు చంపుకుంటారు. పైగా ఈ చెవులతో అక్కడ కూర్చుంటే, నోళ్ళు తెరిచి మూసే చేపల మధ్య కూర్చున్నట్టే.

అయితే వాడి కోడలు సహన కార్డుతో పాటు ఓడవాళ్ళ నియమాల పుస్తకం కూడా పంపింది. మీరెవరూ చదివి ఉండరు. నేను మందుల డబ్బాలోని కాగితాన్ని కూడా చివరిదాకా చదివేవాణ్ణి. పద్దెనిమిదో పేజీలో ఉంది: ఓడ ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఒక వైన్ సీసా వెంట తెచ్చుకోవచ్చు. భోజనశాలలో తాగదలిస్తే, మూత తీసినందుకు వాళ్ళకు రుసుము కట్టాలి. సీసా మనది, దాహం మనది, మూత తిప్పినందుకు కూలి వాళ్ళది. లోకం నడిచే తీరంతా ఈ ఒక్క నియమంలో ఉంది.

నువ్వు తాగవు కాబట్టి నీ వంతు సీసా ఎలాగూ ఉండదు. దాని బదులు నా సీసా ఒకటి తీసుకెళ్ళి, విందు రోజున మునికృష్ణప్పకూ అందరికీ పోయించు. ఫోన్ చేయకు. చెవిలో ఈల తప్ప ఏమీ వినపడదు. రాయి.

ఇంకా బతికే ఉన్న అన్న,
వెంకటరాయప్ప


బాగేపల్లి,
26 నవంబర్ 2024

పూజ్యులైన అన్నకు,

శశికళ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి మొదట భయమేసింది. ఈ వయసులో తాగుడు మొదలుపెట్టావేమో అనుకున్నాను. రెండోసారి చదివితే ఏడుపొచ్చింది. చిన్నన్నకు నువ్వు ఏదైనా పంపడం పదమూడేళ్ళలో ఇదే మొదలు. మిట్టేమరి బడిలో ఇన్నేళ్ళు పిల్లల కొట్లాటలు తీర్చాను గాని, నా సొంత అన్నల మధ్య ఒక్క మాట నడపలేకపోయానని ఎన్నిసార్లు అనుకున్నానో.

సీసా తప్పకుండా తీసుకుపోతాను. కానీ ఒక చిక్కు ఉంది. సహనను అడిగాను. "అత్తా, ఇంట్లో చేసిండేవి కుదరదంట. కంపెనీ సీలుండాల, లేబుల్ ఉండాల. లేకుంటే ఎక్కే తావే తీసి పెట్టుకుంటారంట" అనింది. నీది అంగడిలో కొన్నదే అయితే ఇబ్బంది లేదు.

మోకాళ్ళ గురించి నువ్వు అడగలేదు కాబట్టి రాయను. ఎడమది మాత్రం మెట్లెక్కేటప్పుడు చప్పుడు చేస్తోంది.

నీ చెల్లెలు,
శశికళ


చింతామణి,
4 డిసెంబర్ 2024

శశికి,

నాది అంగడి సీసా కాదు. మీ వదిన చేసినది. చేసినవాటిలో ఆఖరిది.

2011లో మన కైవారం రోడ్డు తోట ద్రాక్షపండ్లు వైన్ కంపెనీ నుంచి వాపసు వచ్చాయి గదా. మునిరత్నమ్మ వాటిలో మంచి గుత్తులు ఏరి, రెండు ఊరగాయ జాడీల్లో వేసి, ఆసుపత్రి నర్సమ్మ చెప్పినట్టు చక్కెర, లవంగాలు, గుప్పెడు గోధుమలు కలిపి వైన్ చేసింది. ఆ నర్సమ్మ ఇచ్చిన అంటుపట్టీనే ముక్కలు చేసి, ప్రతి సీసాకూ అంటించి, నీలం సిరాతో తన పేరూ, కింద అంకే వేసింది. ఐదో తరగతి దాటని మనిషి. ఉన్నవి పదకొండు సీసాలు. ఆఖరి దాని మీద పన్నెండు అని ఉంటుంది. ఒకటో అంకె ఎక్కడా లేదు, రెండుతో మొదలుపెట్టింది. లెక్క రాదని నేను నవ్వితే తనూ నవ్వి ఊరుకునేది.

ఓడవాళ్ళ నియమానికి ఉపాయం దొరికింది. పురుషోత్తమ్ గుర్తున్నాడా? పోటీ పరీక్షలకని మా లైబ్రరీలో పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. ఇప్పుడు మునికృష్ణప్ప ఇన్నేళ్ళు పనిచేసిన ఆ వైన్ కంపెనీలోనే సీసాలు నింపేచోట సూపర్‌వైజర్. వాళ్ళ 'కెంపుధార' సీసా ఖాళీది తెప్పించి, మీ వదిన వైన్ అందులో పోసి, వాడి చేత మిషన్ మీద మూత వేయించాను. నా చెవిలో నోరు పెట్టి అరిచాడు, "సార్, ఇది తెలిస్తే నా పని పోతాది!" అని. "1998లో నువ్వు తిరిగివ్వని జనరల్ నాలెడ్జ్ పుస్తకం గురించి నేను ఎవరికైనా చెప్పానా?" అన్నాను. వెంటనే మూత బిగించాడు.

పోసేటప్పుడు గరాటు అంచున ఒక చుక్క మిగిలింది. నాలుక మీద వేసుకున్నాను. దాని గురించి రాయను.

సీసాతో పాటు ఒక కవరు కూడా పంపుతాను. గ్లాసులు ఖాళీ అయ్యాక నువ్వు లేచి అందరికీ వినపడేలా చదవాలి. ముందుగా విప్పకు. పెద్దవాడి ఆశీర్వచనం అనుకో.

వెంకటరాయప్ప


బాగేపల్లి,
13 డిసెంబర్ 2024

అన్నకు నమస్కారాలు.

నేను ఆగలేక చిక్కబళ్ళాపురం పోయి చిన్నన్నకు చెప్పేశాను. వదిన వైన్ అని చెప్పలేదు, అన్న ఒక సీసా పంపుతున్నాడని మాత్రమే. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అన్న పంపిస్తాండాడా? నిజమా శశీ? ఏం రాసినాడు? యాడ, ఉత్తరం చూపియ్యి" అని ఒకటే తొందర. నేను చూపలేదు. మరునాడే బజారుకు పోయి నీకని పంచె, శాలువా కొన్నాడట. ఓడ దిగగానే చింతామణికి వచ్చి కప్పుతాడట. కార్డు మీద రాద్దామని పెన్ను పట్టుకొని, ఏం రాయాలో తెలీక వదిలేశానన్నాడు. పోయినేడు గుండెకు స్టెంట్ వేశారు, నీకు తెలుసో లేదో.

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకు. వదిన చేసిన దాని మీద కంపెనీ కాగితం అంటించడం నా మనసుకు బాగాలేదు. ఆ పట్టీ మీద వదిన తన చేత్తో పేరు రాసుకునింది. అది ఏం చేశావు? ఆ కవర్లో ఉన్నది ఆశీర్వచనమే కదా?

శశికళ


చింతామణి,
20 డిసెంబర్ 2024

శశికళకు,

శాలువా! ఈ జిల్లాలో మనిషిని అవమానించి, పదేళ్ళాగి శాలువా కప్పడం ఒక వృత్తి అయిపోయింది. మా లైబ్రరీ మూసి కంప్యూటర్ గది చేసిన రోజున నాకూ ఒకటి కప్పారు. అది ఇప్పుడు పాత పుస్తకాల మీద దుమ్ము పడకుండా కాపలా కాస్తోంది.

నువ్వు వాడికి ముందే చెప్పావు. వాడి స్టెంట్ గురించి నాకు రాశావు. ఏ పక్షమో తెలిసింది. కాబట్టి నేనూ దాచను.

ఆ ఏడు మార్చి ఆఖరున అకాల వాన పడింది. పండులో నీరు చేరి తీపి తగ్గింది. మూడెకరాల పంట ట్రాక్టరులో వేసుకుని మునిరత్నమ్మ కంపెనీ కాటా దగ్గరికి పోయింది. పండ్లు కొనే అధికారి ఎవరు? ఆమె మరిది. చేతిలో తీపి కొలిచే గొట్టం. ఒక పండు పిండి, గొట్టం కంటికి పెట్టుకుని, నలభై మంది రైతుల ముందు ఏమన్నాడు? "పద్నాలుగు కూడా లేదు వదినా. దీంతో వైన్ కాదు, కషాయం అవుతాది. వాపసు తీసుకుపో." నలభై మంది నవ్వారు. చుట్టపుచూపుగా వచ్చి బండిలో ఆమె పక్కన కూర్చున్న నువ్వు, నోట్లో నాలుక లేనట్టు ఉండిపోయావు. ఆ సంవత్సరం నుంచి ఆమె కంపెనీ గేటు తొక్కలేదు. 2019లో ఆమె పోయేదాకా వాడు ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

సీసా మీద వాడి కంపెనీ పేరు ఎందుకంటావా? వాడు తన సరుకే అనుకుని తాగాలి. నలుగురిలో మెచ్చుకోవాలి. మెచ్చుకున్న నోరు మూసుకోకముందే నువ్వు కవరు చదవాలి. ఇది ఆశీర్వచనం కాదు.

పురుషోత్తమ్ ఆదివారం సీసా తెచ్చిస్తాడు. ఒకసారి నోరు మూసుకున్నావు. ఈసారీ మూసుకుంటే నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.

వెంకటరాయప్ప


(పోస్టుకార్డు)
చింతామణి, 16 జనవరి 2025

తొమ్మిదో తేదీన ఓడ దిగారు. వారం అయింది. చదివావా లేదా? వాడు ఏమన్నాడు? రెండు ముక్కలు చాలు.
వెం.


బాగేపల్లి,
21 జనవరి 2025

అన్నా,

చదవలేదు. ముందే రాసేస్తున్నాను, ఇక్కడే చించేస్తావో, ఆఖరిదాకా చదువుతావో నీ ఇష్టం. మందుల కాగితం చదివేవాడివి, చెల్లెలి ఉత్తరం చదవలేవా?

విందు మూడో రోజు. గుండ్రటి బల్ల, పదకొండు మందిమి. తెల్ల గ్లౌజుల మనిషి నీ సీసాను గుడ్డలో చుట్టి తెచ్చి, లేబుల్ చిన్నన్నకు చూపించాడు. చిన్నన్న పగలబడి నవ్వాడు. "ఏమే శశీ, అన్న నా సరుకే కొని నాకే పంపించినాడా!" అన్నాడు. అందరూ నవ్వారు. నీ కవరు నా ఒళ్ళో ఉంది. మొదటి రోజే విప్పి చదివేశాను. అబద్ధం చెప్పను.

చిన్నన్న ఒక గుటక వేశాడు. నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, రెండో గుటక చాలాసేపు నోట్లోనే పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "బాగుండాది."

సహన నాయన లక్ష్మణప్ప బల్ల చరిచాడు. "ఏమప్పా, నీ సరుకు నువ్వే పొగుడుకుంటాండావే!"

"లేదప్పా. నిజంగా బాగుండాది" అన్నాడు చిన్నన్న. వాళ్ళు ఇంకా నవ్వారు. "కంపెనీకి అడ్వర్టైజ్‌మెంట్ ఓడలో కూడానా!" అన్నారు. తర్వాత అందరూ తాగారు. నిజంగానే మెచ్చుకున్నారు. లవంగం వాసన వస్తోంది, ఇంత బాగా ఎప్పటినుంచి చేస్తున్నారని చిన్నన్ననే అడిగారు. ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ సీసాలో ఉన్నది వదిన చెయ్యి అని ఆయనకు తెలిసిపోయింది.

ఎలా తెలిసిందంటావా? ఇక్కడ నేను పదమూడేళ్ళు దాచింది చెప్పాలి. ఉన్నవి పదకొండు సీసాలు కావన్నా. పన్నెండు. వదిన లెక్క తప్పలేదు. ఒకటో సీసా ఆ ఏడు దీపావళికి నా చేతికిచ్చి, "శశీ, మీ చిన్నన్నకియ్యి. కషాయం తెచ్చినానని చెప్పు. ఎట్లుండాదన్యాడో వచ్చి నాకు చెప్పల్ల. మీ అన్నకు తెలీకూడదు, ఎగిరెగిరి పడతాడు" అనింది. తీసుకుపోయి ఇచ్చాను. చిన్నన్న సీసా తీసుకున్నాడు, తల వంచుకున్నాడు. వారానికి ఖాళీ సీసా కడిగి, వదిన అంటించిన పట్టీ తడవకుండా తుడిచి, తిరిగి పంపాడు. ఒక్క మాట పంపలేదు.

వదిన మూడుసార్లు అడిగింది, "ఏమన్నాడే?" అని. రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి ఆ కళ్ళు చూసి అబద్ధం చెప్పాను. "బాగుండాదన్నాడు వదినా" అన్నాను. తొడ చరుచుకొని నవ్వింది. "నాకు తెలుసునే! ఆ గొట్టానికేం తెలుస్తాది" అనింది. అంతటితో ఆమె ఆ సంగతి వదిలేసింది. నువ్వు రోజూ ఆ కాటా మాట తవ్వుతుంటే ఆమె ఎందుకు నవ్వి ఊరుకునేదో ఇప్పుడైనా అర్థమైందా?

ఆ రోజు నేను నోరు మూసుకున్నది నిజమే. ఆ మాట నేను మోస్తూనే ఉన్నాను. కానీ నువ్వు అక్కడ లేవన్నా. ముందు రోజు సాయంత్రం ఆమె నిన్ను అడగడం నేను విన్నాను. "వాన పడిండాది, వాళ్ళు పండు వద్దంటారేమో, నువ్వూ బండెంట రా" అనింది. లైబ్రరీలో స్టాకు తనిఖీ ఉందన్నావు. నలభై మంది నవ్వును నువ్వు వినలేదు, నేను చెబితే తెలుసుకున్నావు. కాటా దగ్గర ఆమె పక్కన ఉన్నది నేను.

కవరు ఎందుకు చదవలేదంటే, నేను వదినకు చెప్పిన అబద్ధం ఆ బల్ల దగ్గర నిజమైంది. ఆ మాట ఆయన నోట వచ్చింది. దాని మీద నీ నాలుగు వాక్యాలు పడితే ఆ మాట చచ్చిపోయేది. కానీ ఆయన కూడా వదిన పేరు చెప్పలేదు. వియ్యంకుల ముందు ధైర్యం చాలలేదు. అది తప్పే. నేనూ చెప్పలేదు. అదీ తప్పే.

భోజనాలయ్యాక ఖాళీ సీసా అడిగి తీసుకున్నాడు. మరునాడు పొద్దున నా చేతికి తిరిగిచ్చాడు. కంపెనీ లేబుల్ లేదు. నీళ్ళలో నానబెట్టి, గోళ్ళతో గీకేశాడు. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "అన్నకియ్యి. నేను రావచ్చునేమో అడుగు" అన్నాడు. సీసా పురుషోత్తమ్ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక రాయొద్దంటే రాయను.

శశికళ


చింతామణి,
30 జనవరి 2025

శశికి,

ఇది మూడో కాగితం. మొదటి దాంట్లో, నలభై మంది ముందు అన్న మాటకు ఓడ స్నానాలగదిలో లేబుల్ గీకడం జవాబా అని రాశాను. రెండో దాంట్లో నిన్ను తిట్టాను. రెండూ చించేశాను. మొదటి దాంట్లో రాసింది ఇప్పటికీ తప్పు కాదు. కానీ అది రాసే హక్కు నాకుందా అని చూసుకుంటే చెయ్యి ఆగింది.

ఆ రోజు స్టాకు తనిఖీ లేదు. బెంగళూరు నుంచి కొత్త పుస్తకాల పార్సెల్ వచ్చింది. రెండేళ్ళ తర్వాత వచ్చిన పార్సెల్. వేరే ఎవరూ ముందుగా విప్పకూడదని పోయాను. సాయంత్రం దాకా ఒక్కొక్కటీ వాసన చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి ట్రాక్టరు వాకిట్లో నిలబడి ఉంది, పండ్ల మీద ఈగలు. పదమూడేళ్ళు వాడిని తిట్టడంలో నాకు తీరిక లేకపోయింది. తీరిక ఉంటే ఈ పార్సెల్ గుర్తొచ్చేది.

ఇంకొకటి. ఆమె పేరు మీద వేరే పేరు అంటించింది మునికృష్ణప్ప కాదు, నేను. వాడు పదిమంది ముందు రెండుసార్లు నిజం చెప్పాడు. నేను అంటించిన కాగితం వల్ల అది ఒక్కరికీ వినపడలేదు. చెవిటివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. బల్ల చుట్టూ ఉన్న అందరినీ చెవిటివాళ్ళను చేసి పెట్టాను.

పట్టీ ఏం చేశావని అడిగావు. పారేయలేదు. చదువుతున్న పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్నాను. అంటు చచ్చిపోయింది. సీసాకు పెట్టి దారంతో కట్టాను. మునిరత్న, 12.

నీ ఉత్తరం చదివాక ఒకటో సీసా కోసం వెతికాను. అటకలు, పెట్టెలు, ఆమె ట్రంకు, పాత పుస్తకాల వెనక. ఎక్కడా లేదు. పొద్దున పప్పులోకి నూనె పోసుకుంటూ చూశాను. చేతిలోనే ఉంది. పొయ్యి పక్కన నూనె సీసా. పట్టీ నూనె పీల్చి గోధుమరంగు తిరిగింది, సిరా పాకింది, అయినా ఒకటి ఒకటే. వాడు కడిగి పంపితే ఆమె నూనెకు పెట్టుకుంది. పదమూడేళ్ళు ఆ సీసా కళ్ళ ముందే ఉంది, ఆమె పోయాక రోజుకు రెండుసార్లు పట్టుకున్నాను. అచ్చులో ఉన్న ప్రతి అక్షరం చదివేవాణ్ణి, ఇంట్లో ఆమె రాసిన ఒక్క అంకె చదవలేదు.

వాడిని రమ్మను. శాలువా తేవద్దు. రెండు సీసాలూ బల్ల మీద పెట్టి ఉంచుతాను. తాగడానికి ఏమీ లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఓడలో అన్న మాటే మళ్ళీ చెప్పమను. ఈసారి వదిన పేరు పెట్టి చెప్పాలి. నాకు వినపడదు కాబట్టి గట్టిగా, వీధి చివర కాఫీపొడి అంగడి ఆంజనప్పకు వినపడేంత గట్టిగా చెప్పాలి.

అది అయ్యాక నేనూ పార్సెల్ సంగతి అంతే గట్టిగా చెబుతాను. నువ్వు మధ్యలో కూర్చో. మోకాళ్ళకు ఎత్తు కుర్చీ ఉంది.

అన్న,
వెంకటరాయప్ప